గేర్‌బాక్స్ మార్చినా అదురు పోదెందుకు? ఎత్తు పెంచిన, ఇంజిన్ మార్చిన బండ్లలో అసలు తప్పు పట్టుకోవడం

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట వైపు మెకానిక్ షెడ్ల ముందు ఇలాంటి బండి ఒకటి తరచూ కనపడుతుంది. పాత జీపో, బొలెరోనో. బండి బరువు మోసే కమాన్ పట్టీలకూ యాక్సిల్‌కూ (చక్రాల ఇరుసుకు) మధ్య బ్లాకులు పెట్టి మూడు అంగుళాలు లేపి ఉంటారు, 31 అంగుళాల టైర్లు తొడిగి ఉంటారు, ఒక్కోసారి బానెట్ కింద ఉన్న ఇంజిన్ కూడా వేరే బండిది అయి ఉంటుంది. పొలాల బాటలకు, వాగు దాటడానికి నిజంగానే పనికొచ్చే బండి. కానీ ఏడాది తిరగకముందే ఒక వరుస మొదలవుతుంది: ముందు 70 దాటితే సీటు కింద సన్నని అదురు, కొన్నాళ్లకు గేర్‌బాక్స్ వెనక సీల్ దగ్గర ఆయిల్ తడి, ఆ తర్వాత బేరింగ్ మోత, చివరికి ఒక గేరు పడకపోవడమో పడి ఎగిరిపోవడమో. బాక్స్ దించి బేరింగులు, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు, సీళ్లు కొత్తవి వేసి ఎక్కిస్తారు. వారం పది రోజులు బాగుంటుంది. నాలుగు నెలలకు అదే షెడ్డు, అదే మాట: "అన్నా, మల్లా అదే సౌండ్ వస్తుంది."

ఇక్కడ మెకానిక్‌ది పనితనం లేకపోవడం అనుకోనక్కర్లేదు, స్పేర్ డూప్లికేట్ అని అనుకోవడం కూడా తొందరే. ఒక బాక్స్ ఒకసారి పోయిందంటే వయసు కావచ్చు, ఆయిల్ ఎండిపోయి కావచ్చు. రెండోసారి అదే చోట పోయిందంటే మాత్రం బాక్స్‌ను బయటనుంచి ఏదో కొడుతోందని అర్థం. ముందు ఇంజిన్, వెనక చక్రాల వైపు బలం మోసుకెళ్లే గొట్టం అంటే షాఫ్ట్, ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉండే భాగం అది. ముందువైపు అర మిల్లీమీటరు పక్కకు జరిగినా, వెనకవైపు నాలుగు డిగ్రీలు తేడా వచ్చినా ఆ దెబ్బ దాని బేరింగులే తింటాయి. కాబట్టి బాక్స్ దించడం అన్నిటికంటే చివరి పని, అంతకుముందు చేయాల్సినది చాలా ఉంది, అందులో సగం బండి ఓనరే డబ్బు ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

మొదట తేల్చాల్సింది ఒక్కటే: ఈ వణుకు దేన్ని బట్టి మారుతోంది? బండి వేగాన్ని బట్టా, ఇంజిన్ ఆర్‌పీఎమ్‌ను బట్టా, లేక యాక్సిలరేటర్ మీద ఎంత బరువు వేస్తున్నామన్నదాన్ని బట్టా? దీనికి మంచి నున్నటి రోడ్డు కావాలి. నల్లగొండ వాళ్లకు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఉంది, పాలమూరు వాళ్లకు జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు వెళ్లే 44వ నంబరు హైవే ఉంది. ట్రాఫిక్ పలచగా ఉండే పొద్దున పూట, పక్కన రాసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్లాలి. నడిపేవాడే రాసుకుంటానంటే కుదరదు.

వణుకు ఎక్కువగా ఉండే వేగం పట్టుకుని, అదే వేగంలో ఒక గేరు తగ్గించి చూడాలి. స్పీడ్ మారలేదు, ఇంజిన్ ఆర్‌పీఎమ్ పెరిగింది. అదురు ఏమాత్రం మారకుండా అలాగే ఉంటే తప్పు బాక్స్ వెనక ఉంది, అంటే షాఫ్ట్, షాఫ్ట్ తిప్పుడును యాక్సిల్‌కు అందించే క్రౌన్ గేరు, యాక్సిల్, చక్రాల్లో. అదురు మారిపోయి ఆర్‌పీఎమ్ వెంట పోతే తప్పు బాక్స్ ముందు, ఇంజిన్, దాని వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్, క్లచ్ వైపు. తర్వాత రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అదే వేగంలో కాసేపు న్యూట్రల్‌లోకి తెచ్చి దొర్లనివ్వాలి. ఇంజిన్ మాత్రం ఆపకూడదు, బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ కావాలి. న్యూట్రల్‌లోనూ అదురు ఉంటే టైర్లు గానీ, షాఫ్ట్ బ్యాలెన్స్ గానీ కారణం. న్యూట్రల్‌లో పోయి, యాక్సిలరేటర్ నొక్కితేనే వస్తే షాఫ్ట్ చివరల కీళ్లలా ఉండే జాయింట్ల కోణాలు, ఇంజిన్‌ను మోసే ఫౌండేషన్ రబ్బర్లు, యాక్సిల్ మెలిక వీటి మీద అనుమానం పెట్టాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎమ్‌కు రేజ్ చేస్తే కూడా వస్తోందంటే ఇక షాఫ్ట్ వైపు చూడక్కర్లేదు, ఎందుకంటే షాఫ్ట్ తిరగడమే లేదు.

క్లచ్ పెడల్ కూడా మంచి సాక్షి. నిలబడిన బండిలో న్యూట్రల్‌లో మోత వస్తూ, పెడల్ నొక్కగానే ఆగితే అది బాక్స్ లోపల తిరిగే బేరింగ్‌ది, ముఖ్యంగా ఇంజిన్ నుంచి బాక్స్‌లోకి వచ్చే టాప్ షాఫ్ట్‌ది. పెడల్ నొక్కితేనే మోత మొదలైతే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ గానీ, ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ గానీ. పైలట్ బేరింగ్ లోపల షాఫ్టూ బయట ఫ్లైవీలూ వేర్వేరు వేగాల్లో తిరిగేది క్లచ్ విడిపడినప్పుడే, అందుకే దాని మోత అప్పుడే వినిపిస్తుంది.

లోడ్ పరీక్షకు ఘాట్ ఎక్కాల్సిందే. అచ్చంపేట వాళ్లు మన్ననూర్ దాటి శ్రీశైలం రోడ్డు పడతారు, అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, రాత్రి 9 తర్వాత గేటు మూసేస్తారు, పగలు కూడా అక్కడ స్పీడ్ టెస్టులు చేయడం తప్పు. కావాల్సింది స్పీడ్ కాదు కాబట్టి మూడో గేరులో నెమ్మదిగా ఎక్కుతూ యాక్సిలరేటర్ వేసినప్పుడు అదురు, వదిలినప్పుడు అదురు, రెండింటి తేడా వింటే చాలు.

వీటన్నిటికీ ముందు ఒక చిన్న పని ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మడుల్లో తిరిగిన బండి రిమ్ లోపలివైపు చేయి పెట్టి చూస్తే గట్టిపడిన బురద అచ్చు పోసినట్టు ఒకపక్కే అతుక్కుని ఉంటుంది. పై నుంచి ఎంత కడిగినా అది రాదు, స్క్రూడ్రైవర్‌తో గీకాలి. షాఫ్ట్ మీద కూడా అంతే. ఈ బురద ఒక్కటే 80 దగ్గర స్టీరింగ్‌ను ఊపేయగలదు. నాలుగు చక్రాలు లోపలా బయటా గీకి కడిగి, బ్యాలెన్సింగ్ చేయించి, అప్పుడు కూడా ఉన్న అదురునే అదురు అనుకోవాలి. ముందు చక్రం తప్పైతే ఎక్కువగా స్టీరింగ్‌లో, వెనకదైతే సీటులో, నేలలో తెలుస్తుంది.

ఇక లెక్కకు వస్తే, లెక్క చాలా పని తగ్గిస్తుంది. బొలెరోకు కంపెనీ ఇచ్చే 215/75 ఆర్15 టైరు వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు, 31 అంగుళాల టైరుది 787. అంటే 12 శాతం పెద్దది. మీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 90 దగ్గర పోతోంది. బ్రేకు దూరానికి కూడా ఇది గుర్తు పెట్టుకోవాలి, కానీ ఇక్కడ మాత్రం ఏ లెక్కైనా ఫోన్ జీపీఎస్ చూపించే వేగంతోనే చేయాలి. నిజమైన 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22.2 మీటర్లు. ఈ టైరు చుట్టుకొలత 2.47 మీటర్లు, కాబట్టి చక్రం సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. క్రౌన్ నిష్పత్తి 4.3 అనుకుంటే షాఫ్ట్ సెకనుకు దాదాపు 39 చుట్లు. షాఫ్ట్ చివర ఉండే క్రాస్ జాయింటు కోణంలో ఉంటే ప్రతి చుట్టుకూ రెండుసార్లు తోస్తుంది, అంటే సెకనుకు 77. ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ పెట్టి సీటు జారే పట్టా దగ్గర గట్టిగా అదిమి పెడితే, గ్రాఫ్‌లో 9 దగ్గర ముల్లు లేస్తే చక్రం, 39 దగ్గర లేస్తే షాఫ్ట్ బ్యాలెన్స్, 77 దగ్గర లేస్తే జాయింట్ కోణం. యాప్ సెకనుకు 100 సార్లు మాత్రమే కొలుస్తుంటే 50 పైన ఉన్నది సరిగా కనపడదు, ఆ సెట్టింగ్ ముందే పెంచుకోవాలి.

ఇందులో ఒక మోసం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఫైర్ అవుతుంది. గేరు నిష్పత్తి 1 ఉన్నప్పుడు షాఫ్టూ ఇంజినూ ఒకే వేగంలో తిరుగుతాయి. అప్పుడు క్రాస్ కొట్టే దెబ్బా, ఇంజిన్ కొట్టే దెబ్బా రెండూ 77 దగ్గరే వస్తాయి, ఏది ఏదో తెలియదు. చెవికీ అంతే, చేతికీ అంతే. ఇంజిన్ ఫౌండేషన్ మార్చాలా, షాఫ్ట్ మార్చాలా అని షెడ్డులో వాదన నడిచేది చాలావరకు ఇక్కడే. అదే వేగంలో గేరు మార్చితే రెండు ముళ్లూ విడిపోతాయి, ఏది కదలకుండా నిలబడిందో అది షాఫ్ట్‌ది.

ఎత్తు పెంచిన బండ్లలో తప్పు ఎక్కువగా దొరికేది కోణాల్లోనే, కాబట్టి దాని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. క్రాస్ జాయింటు తిన్నగా ఉన్నప్పుడు ఇటు ఎంత తిరిగితే అటు అంతే తిరుగుతుంది. వంగి ఉన్నప్పుడు మాత్రం, ఇటువైపు సమంగా తిరుగుతున్నా అటువైపు షాఫ్ట్ ఒక చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు నెమ్మదిస్తుంది. 3 డిగ్రీల వంపులో ఈ ఎగుడుదిగుడు లెక్కలోకి రాదు. 10 డిగ్రీలకు వచ్చేసరికి వేగం పై అంచుకూ కింది అంచుకూ మధ్య తేడా 3 శాతం. 39 చుట్లు తిరిగే ఇనుప గొట్టాన్ని సెకనుకు 77 సార్లు గుంజి వదులుతున్నట్టు లెక్క. దీనికి విరుగుడుగానే షాఫ్ట్‌కు రెండు చివరలా రెండు క్రాసులు పెడతారు. రెండు చోట్లా కోణం సమానంగా ఉండి, క్రాసులను పట్టుకునే రెండు యోకులూ ఒకే వరుసలో ఉంటే మొదటిది చేసిన తప్పును రెండోది సరిదిద్దుతుంది. హైవే వేగాలకు ఒక్కో జాయింటు దగ్గర 3 డిగ్రీలు మించకుండా, రెండింటి తేడా 1 డిగ్రీ లోపల ఉండాలని చెప్పుకునే లెక్క ఇందుకే. మరీ సున్నా కూడా మంచిది కాదు, క్రాస్ కప్పుల్లో సూదుల్లాంటి రోలర్లు కదలకుండా ఒకేచోట నిలబడి గాడి పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కంపెనీ ఎత్తులో బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 6 డిగ్రీలు, క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు పినియన్ మళ్లీ 3. పైన 3, కింద 3, లెక్క సరిపోయింది. మూడు అంగుళాలు లేపారు. మీటరు పొడవు షాఫ్ట్‌కు మూడు అంగుళాలంటే మరో 4 డిగ్రీలకు పైనే, అంటే షాఫ్ట్ ఇప్పుడు 10 డిగ్రీలు వాలింది. పైన 7, కింద 7. సమానమే, కానీ మధ్యలో ఉన్న షాఫ్ట్ మాత్రం ఆ ఎగుడుదిగుడును మోస్తూనే ఉంటుంది, కొంత అదురు వస్తుంది. ఇది చూసి ఎవరో సలహా ఇస్తారు: పినియన్ మూతి కొంచెం పైకి లేపితే కింద జాయింటు తిన్నగా అవుతుంది కదా అని. కమాన్ కింద ఏటవాలు ముక్క పెట్టి 4 డిగ్రీలు లేపుతారు. కిందికి వంగి చూస్తే క్రాస్ అందంగా తిన్నగా కనపడుతుంది, కింద కోణం 3కు తగ్గింది. పైన మాత్రం 7 అలాగే ఉంది. ఇప్పుడు ఒకదాన్ని ఒకటి సరిదిద్దుకోవు. ఈ తప్పు కోణం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 49లోంచి 9 తీసేస్తే 40, దాని వర్గమూలం 6.3. పినియన్‌కు ఒకే జాయింటుతో 6.3 డిగ్రీల వంపులో తిప్పుతున్నంత దెబ్బ తగులుతోంది, ముక్క పెట్టకముందు అది సున్నా. బాగు చేద్దామని పెట్టిన ముక్కే బాక్స్ వెనక బేరింగునూ, పినియన్ బేరింగునూ తినేస్తోంది. పైగా ఈ దెబ్బ వేగం వర్గంతో కూడా పెరుగుతుంది. 40 దగ్గర లేనట్టే ఉండేది 80కి నాలుగింతలు.

పినియన్ మూతి లేపి షాఫ్ట్ వైపు తిన్నగా చూపించే పద్ధతి నిజంగానే ఉంది, కానీ అది పైన రెండు క్రాసులు జంటగా ఉండే డబుల్ జాయింట్ షాఫ్ట్‌కు. మామూలు షాఫ్ట్ ఉంచి ఆ పద్ధతి సగం తెచ్చి పెట్టుకుంటేనే ప్రమాదం. మామూలు షాఫ్ట్‌తో ఉండాలంటే లేపిన ఎత్తులో కొంత తగ్గించడమో, బాక్స్ కింద క్రాస్ మెంబర్‌ను కొంచెం దించి ఆ వాలుకు సరిపడేలా పినియన్‌ను పెట్టడమో చేయాలి. కమాన్ పట్టీల బండిలో యాక్సిలరేటర్ గట్టిగా వేసినప్పుడు యాక్సిల్ మెలిపడి పినియన్ మూతి దానంతట అది పైకి లేస్తుంది, అందుకే నిలబడినప్పుడు ఒకటి రెండు డిగ్రీలు కిందికే ఉంచుతారు.

కొలవడం కష్టం కాదు. బండిని పిట్ మీద నాలుగు చక్రాల మీదే నిలబెట్టాలి, జాకీ మీద వేలాడదీస్తే కోణాలన్నీ అబద్ధం చెబుతాయి. రోజూ మోసే బరువు ఎంతో అంత లోపల వేయాలి. చక్రాలకు రాళ్లు పెట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి, బాక్స్ వెనక షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్ మీద ఒక చదరపు ఇనుప ముక్క ఆనించి దాని మీద ఫోన్ పెట్టాలి. ఒక అంకె. షాఫ్ట్ గొట్టం మీద, వెల్డింగ్ గడ్డలు లేని చోట రెండో అంకె. పినియన్ ఫ్లాంజ్ దగ్గర మూడోది. మసి తుడవకుండా పెడితే అర డిగ్రీ తేడా అక్కడే వచ్చేస్తుంది. సిగరెట్ పెట్టె వెనక రాసుకున్నా సరే, ఈ మూడు అంకెలు రాసి ఉన్న బండికీ లేని బండికీ రిపేరు ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

షాఫ్ట్‌తోనే ఇంకో రెండు సంగతులు. లేపినప్పుడు బాక్స్‌కూ యాక్సిల్‌కూ దూరం పెరిగి, షాఫ్ట్ పొడవు సర్దుకునేలా జారే పళ్ల జోడు, అంటే స్ప్లైన్, బయటికి లాగినట్టవుతుంది. పట్టు తగ్గిన స్ప్లైన్ పైకీ కిందికీ ఊగుతుంది, చేత్తో పట్టుకుని ఊపితేనే తెలుస్తుంది. దీనికి లేత్ మిషన్ దగ్గర గొట్టం కోసి పొడవు పెంచుతారు, అది తప్పేం కాదు, వెల్డింగ్ తర్వాత తిన్నగా ఉందో లేదో వెంట్రుకవాసి తేడా చూపే డయల్ గేజ్‌తో చూసి, బ్యాలెన్సింగ్ మిషన్ మీద బరువు ముక్కలు అతికించి ఇస్తేనే అది పూర్తయిన పని. బ్యాలెన్సింగ్ దగ్గర్లో లేదని వదిలేస్తే అక్కడితో ఆదా అయిన డబ్బు బాక్స్ సీల్ దగ్గర పోతుంది. సూర్యాపేట, కోదాడ వాళ్లు విజయవాడ ఆటోనగర్‌కు, మిగతావాళ్లు హైదరాబాద్‌కు షాఫ్ట్‌ను పంపించి చేయించుకోవచ్చు, షాఫ్ట్ విప్పితే బస్సు మీద వేసేంత వస్తువే. రెండో సంగతి గుర్తు. షాఫ్ట్ విప్పేముందు స్ప్లైన్ రెండు ముక్కల మీదా సుద్దముక్కతోనో, పంచ్‌తోనో గీత పెట్టుకోవాలి. గీత లేకుండా విప్పి ఒక పన్ను పక్కకు తొడిగితే రెండు యోకులూ వరుస తప్పుతాయి, కోణాలన్నీ సరిగ్గా ఉన్నా వణుకు వస్తుంది. రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో కూడా చూడాలి. ఎండాకాలం నల్లగొండ రోడ్ల మీద ఆ రబ్బర్లు ఎక్కువ కాలం మెత్తగా ఉండవు.

ఇప్పుడు బాక్స్ నిజంగా దించాల్సి వచ్చిందనుకుందాం. అప్పుడు పాత ముక్కలను తట్టలో వేసి పక్కకు తోసేయకూడదు. జరిగిందంతా వాటి మీదే రాసి ఉంటుంది. పాత క్రాస్‌ను గుడ్డతో తుడిచి కాడ మీద గోరు అడ్డంగా గీస్తే, సన్నని సన్నని గాట్లు వరుసగా గోటికి తగులుతాయి, రోలర్లు అచ్చు దిగిన చోటు అది. ఒక కాడ మీద లోతుగా, పక్కదాని మీద తేలిగ్గా ఉంటే బరువు సమంగా పడలేదని తెలుస్తుంది. బాక్స్ వెనక బేరింగ్, వెనక బుష్, సీల్ ఇవే మళ్లీ మళ్లీ పోతుంటే వేలు షాఫ్ట్ వైపు చూపించాలి: కోణం, బ్యాలెన్స్, స్ప్లైన్. ముందు బేరింగ్, టాప్ షాఫ్ట్ ముక్కు, పైలట్ బుష్ అరిగి గుండ్రం తప్పిపోతే ఇంజిన్‌నూ బాక్స్‌నూ కలిపే డొప్ప, బెల్ హౌసింగ్ వైపు. క్లచ్ ప్లేట్ మధ్యలో స్ప్రింగులున్న హబ్ రివెట్ల దగ్గర చీలి ఊడిపోయిందంటే దాదాపు అనుమానమే అక్కర్లేదు, ప్లేట్ ఒక కేంద్రం చుట్టూ, షాఫ్ట్ ఇంకో కేంద్రం చుట్టూ తిరుగుతున్నాయి. గేరు పళ్లు ఒక అంచునే గుంటలు పడితే షాఫ్ట్‌లు వంకరగా కూర్చున్నాయి. పన్ను మొదలంటా విరిగితే ఒక్కసారిగా పడ్డ దెబ్బ. సింక్రో రింగులన్నీ కలిసి త్వరగా అరిగిపోతుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో చూడాలి. డ్రెయిన్ నట్ అయస్కాంతానికి మెత్తని నల్లటి ముద్ద అంటడం మామూలే, చిట్లిన ముక్కలు అంటితే మామూలు కాదు, ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు ఉంటే అది ఇత్తడి సింక్రోది.

ఇంజిన్ మార్చిన బండ్లలో బెల్ హౌసింగ్ సంగతి అన్నిటికంటే ముఖ్యం, కానీ చూసేవాళ్లు తక్కువ. వేరే ఇంజిన్‌కు ఈ బాక్స్ కలపాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేట్ వేయాలి. దాన్ని లేత్ మీద చేస్తారు, బోల్టు రంధ్రాలు సరిపోయాయి, ప్లేట్ కూర్చుంది, బోల్టులు బిగిశాయి, పని అయిందనుకుంటారు. బోల్టులు బిగించడానికే తప్ప కేంద్రం నిలబెట్టడానికి కాదు. ఆ పని చేసేవి డోవెల్ పిన్నులు, రెండే రెండు చిన్న ఇనుప ముక్కలు, మార్పుల్లో మొదట మాయమయ్యేవి కూడా అవే. పరీక్ష ఇలా: క్లచ్ తీసేసి, ఫ్లైవీల్ మీద అయస్కాంతం స్టాండుతో డయల్ గేజ్ నిలబెట్టి, దాని ముల్లును బాక్స్ కూర్చునే బెల్ హౌసింగ్ రంధ్రం లోపలి అంచుకు ఆనించి, ఇంజిన్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ముల్లు మొత్తం ఊపు 0.13 మిల్లీమీటరు, అంటే అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు మించకూడదు. రంధ్రం కేంద్రం నిజంగా జరిగింది అందులో సగం. ఇలాగే బాక్స్ ఆనే ముఖం మీద కూడా ఒక చుట్టు. తుప్పు, పెయింట్ పొర, బోల్టు రంధ్రం చుట్టూ లేచిన చిన్న గరుకు అంచు, ఇవి కూడా ఆ కొలతను చెడగొడతాయి కాబట్టి ముందు ముఖాలు శుభ్రంగా రుద్దుకోవాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్న ప్లేట్ మీద ఎన్ని బాక్సులు ఎక్కించినా ఫలితం మారదు. సరిచేయడానికి ప్లేట్‌ను మళ్లీ కేంద్రం పట్టి డోవెల్ రంధ్రాలు కొత్తగా వేయాలి, ఇది ఓపికున్న టర్నర్ పని, తొందర పెట్టకూడదు.

బలం విషయం కూడా ఉంది. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ ఇంజిన్ టార్క్ 247 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 4 అనుకుంటే బాక్స్ బయటికి వచ్చేసరికి అది 988, ఫోర్ వీల్ బండ్లలో బలం ఇంకా పెంచే లో రేంజ్ గేరు 2.5 కూడా వేస్తే 2,470. పాత జీపు బాక్స్, షాఫ్ట్ వేరే ఇంజిన్ కోసం తయారైనవి. దానికి ఇంత టార్క్ ఇచ్చి, పైన 12 శాతం పెద్ద టైరు వేసి, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి బలం పెంచే రీమ్యాప్ కూడా చేయిస్తే పళ్లు విరగడంలో వింతేం లేదు. బాక్స్‌ను కూడా ఆ ఇంజిన్‌తో వచ్చినదే తెచ్చుకోవడం ఖర్చు ఎక్కువైనా తిన్నని దారి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందూ వెనకా చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పోవడానికి ఇంకో కారణం చాలా మామూలుది. ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగినవి, లేదా రెండు సైజులు. లేదా యాక్సిల్ వేరే బండి నుంచి తెచ్చారు, ముందు క్రౌన్ ఒక నిష్పత్తి, వెనక ఇంకోటి. బురదలో చక్రం జారి ఆ తేడాను మింగేస్తుంది, తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి పోతే జారే చోటు లేక లోపలే మెలి పేరుకుంటుంది, లీవర్ కూడా బయటికి రాదు. తేల్చుకోవడానికి సుద్దముక్క చాలు. ఒక వైపు చక్రాన్ని మాత్రమే లేపి, రెండోది నేల మీద ఉంచి, షాఫ్ట్ మీదా టైరు మీదా గీత గీసి, ఫోర్ వీల్ తీసేసి బాక్స్ న్యూట్రల్‌లో పెట్టి టైరును రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే క్రౌన్ నిష్పత్తి. ముందూ వెనకా రెండు చోట్లా లెక్కపెట్టి పోల్చాలి. ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్బులు ఉంటే మొదట వాటిని లాక్ చేయడం మరవద్దు.

ఫౌండేషన్ రబ్బర్లు చూడటానికి ఐదు నిమిషాలు చాలు: బానెట్ తెరిచి, గేరు వేసి, బ్రేక్ మీద గట్టిగా కాలు పెట్టి క్లచ్ కొంచెం వదిలితే ఇంజిన్ ఎంత లేస్తుందో పక్కవాడు ముందు కాకుండా ఓ పక్కన నిలబడి చూడాలి. వాగులు దాటే బండికి బాక్స్‌కు గాలి ఆడే బ్రీదర్ గొట్టం పైకి లాగి కట్టాలి, వేడిగా ఉన్న బాక్స్ చల్లటి నీళ్లలో దిగితే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది, ఆయిల్ పాల రంగుకు తిరుగుతుంది. ఆయిల్ పోసేటప్పుడు బండి పుస్తకంలో ఉన్న గ్రేడే పోయాలి. క్రౌన్‌లో పోసే జీఎల్-5 ఆయిల్‌ను ఇత్తడి సింక్రోలున్న పాత బాక్స్‌లో పోసేస్తే అందులోని కొన్ని రసాయనాలు ఇత్తడిని తినేసే అవకాశం ఉంది.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే బాధ్యత ఓనర్ మీదే పడుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడాగా వచ్చేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్పు లాంటివి ఆర్‌టీఓ అనుమతితో ఆర్‌సీలో ఎక్కాలి. ఎక్కని మార్పుతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. 80 వేగంలో షాఫ్ట్ ముందు చివర విడిపోయి రోడ్డులో గుచ్చుకుంటే ఏమవుతుందో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. పక్కనే పోతున్న బైకు మీద పిల్లలుంటారు. షాఫ్ట్ కింద ముందు క్రాస్ దగ్గర ఒక ఇనుప పట్టీ వంచి ఛాసిస్‌కు బిగిస్తే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది, చిన్న వెల్డింగ్ పనే అది.

అన్నీ సరిచేశాక కూడా మొదటి రోజు కొలతతో సరిపెట్టుకోకూడదు. కొత్త కమాన్లు, కొత్త బుష్‌లు బరువుకు సర్దుకుంటూ కిందికి దిగుతాయి, దాంతో కోణాలు మళ్లీ మారతాయి. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, ఫ్లాంజ్ బోల్టులు మళ్లీ బిగించి, అదే పిట్ మీద, అదే బరువుతో, ఆ మూడు అంకెలు ఇంకోసారి తీసి పాతవాటి పక్కన రాసుకోవాలి.